మా అమ్మ దగ్గు, మా వదిన గ్రాంటు

మా వదినకు మొహమాటం లేదు. బట్టలు సరిచేసే దుకాణంలో కౌంటరు ఆమెదే. నడుము దగ్గర ఇంకాస్త బిగించమని ఎవరైనా అడిగితే, బిగిస్తాను గానీ కూర్చునేటప్పుడు నన్ను తిట్టుకోకండి అంటుంది. ఆమె మాట విననివాళ్ళు వారం తిరక్కుండా మళ్ళీ వస్తారు.

అంతటి మనిషి డిగ్రీ రెండో ఏడాదిలో, పెళ్ళయిన కొత్తలో, చదువు మానేసింది. ఎందుకని మేమెవరమూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ ఏడు ఉన్నట్టుండి మళ్ళీ కాలేజీకి వెళ్తానంది. సీటు ఇస్తామన్నారు. ఫీజు కట్టే స్తోమత మాకు లేదు, గ్రాంటు వస్తేనే చదువు. మధ్యలో మానేసినవాళ్ళకు గ్రాంటు రాదని వీధంతా తీర్పు చెప్పేసింది. వదిన నేరుగా వెళ్ళి కనుక్కుంది. వస్తుందట. కాకపోతే ఎందుకు మానేశారో కమిటీ ముందు చెప్పుకోవాలట.

అక్కడే మా ఇంటిల్లిపాదికీ తెలివి పొంగుకొచ్చింది. జాలి పుట్టే కారణం చెప్పాలన్నాడు అన్నయ్య. ఆయాసమని చెప్పి తనను జబ్బుమనిషిని చేసెయ్యమంది మా అమ్మ. గుండ్రాయిలా ఉండే మనిషి! తనను చూసుకోవడానికే కోడలు చదువు మానేసిందంటే తనకు పోయేదేముందని ఆవిడ వాదన. వదిన వద్దంది. అన్నయ్య మాత్రం దరఖాస్తులో అదే రాసి పంపేశాడు. ఆ సంగతి వదినకు కమిటీ గదిలోనే తెలిసింది.

పైగా అమ్మ తోడు వచ్చింది, నేనూ వెళ్ళాను. తలుపు తెరిచే ఉంది. ఎదురుగా బెంచీ మీద అమ్మ శాలువా కప్పుకుని కూర్చుంది. లోపల కమిటీ మేడమ్ వదినతో అత్తగారి ఆరోగ్యం మాట ఎత్తగానే అమ్మ దగ్గు లంకించుకుంది. మేడమ్ ఇటు చూసినకొద్దీ దగ్గు పెరిగింది. నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

మేడమ్ పెన్ను కింద పెట్టింది.

"కారణం ఏదైనా సరే, ఇప్పటికి తీరిపోయి ఉండాలమ్మా. రూలు అది. ఆవిడ ఇంకా ఇలాగే ఉంటే మీరు మళ్ళీ మానేయరని ఏమిటి నమ్మకం?"

అమ్మ దగ్గు ఠక్కున ఆగిపోయింది.

వదిన మా వైపు ఒకసారి చూసి, కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మా అత్తయ్యకు ఏ జబ్బూ లేదండీ. లెక్కల పరీక్ష రెండుసార్లు తప్పాను. మూడోసారి కూర్చోవాలంటే భయమేసి మానేశాను. పెళ్ళి ఒక సాకు, అంతే."

ఇప్పుడు లెక్కలు వచ్చా అని అడిగింది మేడమ్.

"సగం వచ్చాయి. సాయంత్రం క్లాసుకు వెళ్తున్నాను. తప్పితే మళ్ళీ రాస్తాను గానీ, ఈసారి పారిపోనండీ."

మేడమ్ పక్కనున్నాయనతో మాట్లాడింది. అన్నయ్య రాసింది కొట్టేయించి, వదిన చెప్పిందే రాయించింది. మొదటి టర్ముకు గ్రాంటు ఇచ్చారు. లెక్కలు పాసైతేనే తర్వాతిది. నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

అమ్మ మాత్రం బస్టాపు దాకా మాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. కోపమొచ్చిందేమోనని వదిన క్షమించమనబోయింది. అమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళ నిండా నీళ్ళు.

"నీ చదువు మా ఇల్లే మింగేసిందని ఇన్నేళ్ళూ అనుకున్నానే తల్లీ. ఒక్కసారైనా నాతో చెప్పకూడదూ?"