పదకొండో రోజు రీడింగు

లీలారాణి గజపతినగరంలో ఒక డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లేబులో అటెండరు. ఆ ఉద్యోగం మొదట భర్త రాబర్ట్‌ది. ఆయన పోయాక ఆమెకిచ్చారు. ఇప్పటికి ఇరవై రెండేళ్లు. గాజు సామాను కడగడం, సీసాలకు చీటీలు అంటించడం, ఏ ఆసిడ్ ఏ అరలో ఉందో చూసుకోవడం ఆవిడ పని. ఆదివారం బాప్టిస్టు చర్చిలో ముందు వరసలో నిలబడి గొంతెత్తి పాడుతుంది. మిగతా ఆరు రోజులూ ఆవిడ మాట వినాలంటే దగ్గరకు వెళ్లాల్సిందే.

మూడేళ్ల కిందట అరుణశ్రీ అనే కొత్త లెక్చరర్ వచ్చింది. సిలికాన్ లేకుండా కూడా సోలార్ సెల్ తయారవుతుందని పిల్లలకు చూపించాలని ఆమె పట్టుదల. కరెంటు పారే రకం చిన్న గాజు పలకలు రెండు తీసుకుని, ఒకదాని మీద పెయింట్లలో వాడే తెల్ల పొడిని పూతగా పూస్తారు. ఆ పూతకు రంగు పట్టిస్తారు. రెండో పలక మీద పెన్సిల్ ముక్కు నలుపు రుద్దుతారు. మధ్యలో రెండు చుక్కల అయోడిన్ ద్రావణం వేసి కలిపి బిగిస్తారు. ఎండ తగిలితే ఆ రంగే కరెంటు పుట్టిస్తుంది. పని రంగు దగ్గర ఆగిపోయింది. బీట్‌రూట్ రసం వేసి చూశారు, మీటరులో అంకె అంతంతమాత్రం. కాలేజీ వాళ్లు తెప్పిస్తామన్న రంగు ఎంతకీ రాలేదు.

"గోగు కాయ సుట్టూ ఎర్ర రేకులుంటాయి కదండీ మేడం," అంది లీలారాణి. "సేతికంటితే రెండ్రోజులు పోదు. ఒకపాలి అది సూడండి."

మర్నాడు పక్కింటి నీలవేణి చేలో విత్తనానికి వదిలిన గోగు కాయలు సంచెడు తెచ్చింది. రేకులు నానబెట్టిన రసంలో ముంచితే తెల్ల పూత ఊదారంగుకు తిరిగింది. ఎండలో పెడితే మీటరు దాదాపు పాయింట్ నాలుగు వోల్టులు చూపించింది. అలా చేసిన ఎనిమిది సెల్లుల్లో నాలుగింటిని వరసగా కలిపేసరికి చిన్న కాలిక్యులేటర్ పనిచేసింది.

ఆ గాజు పలకలు మళ్లీ వాడుకోవాలి కాబట్టి వాటిని కడిగేయమన్నారు. ఇంకా పనిచేస్తున్నదాన్ని కడగడానికి లీలారాణికి చేతులు రాలేదు. పాడయ్యాక కడుగుదామనుకుంది. పాడైందని తెలియాలంటే రోజూ చూడాలి. అలా రోజూ మధ్యాహ్నం క్యారేజీ విప్పే ముందు సెల్లుల్ని వరండా ఎండలో పెట్టి, మీటరు చూపిన అంకెను ఒక నోటుబుక్కులో రాయడం మొదలుపెట్టింది. ఎవరూ రాయమనలేదు. అరుణశ్రీకి కూడా ఆ సంగతి తెలీదు.

ఫిబ్రవరిలో విజయనగరంలో జరిగిన కాలేజీల సైన్సు ప్రదర్శనలో ఈ సెల్లును పెట్టారు. న్యాయనిర్ణేతగా వచ్చిన ప్రొఫెసర్ నరసింగరావు, ఇది ఎన్నాళ్లు పనిచేస్తుందని అడిగారు. ఫైనలియర్ అమ్మాయి శ్రావణి తడుముకోకుండా, ఏళ్ల తరబడి పనిచేస్తుందని చెప్పింది. వెనక సామాను పెట్టె పట్టుకుని నిలబడ్డ లీలారాణి ఎవరైనా దిద్దుతారేమోనని చూసింది. అరుణశ్రీ కూడా దిద్దలేదు.

"కాదు సార్," అంది లీలారాణి. "పదకొండో రోజుకి సగానికి పడిపోతాది. ఇరవయ్యో రోజుకి ఇంకేటీ ఉండదు."

శ్రావణి ముఖం ఎర్రబడింది. మీకెలా తెలుసని ప్రొఫెసర్ అడిగితే, లీలారాణి సంచిలోంచి నోటుబుక్కు తీసిచ్చింది. ఆయన నిలబడే ఉండి ప్రతి పేజీ తిప్పారు. మూడో సెల్లు, ఏడో సెల్లు మిగతావాటి కంటే వారం రోజులు ఎక్కువ ఎందుకు నిలిచాయని అడిగారు. లోపలి తడి ఆరిపోతోందేమోనని అనుమానం వచ్చి, ఆ రెండింటి అంచులకు కొవ్వొత్తి మైనం పూశానని ఆవిడ చెప్పింది.

బహుమతి ఇంకో కాలేజీకి వెళ్లింది. తిరుగు బస్సులో అరుణశ్రీ, ఆ మాటేదో ముందే తనతో చెప్పి ఉండాల్సిందని నొచ్చుకుంది.

"సెప్పకపోడం నా తప్పే మేడం. ఇదంత పనికొచ్చే సంగతనుకోలేదు," అంది లీలారాణి. "మీరు అబద్ధమాడలేదు, మీకు తెలీదు. తెలిసున్న నాను ఊరుకుంటే అది అబద్ధమే అవుతాది."

సోమవారం అరుణశ్రీ క్లాసులోకి ఆ నోటుబుక్కు తెచ్చి, అందులోని అంకెలతో పిల్లలందరి చేతా గ్రాఫు గీయించింది. గీత ఎక్కడ కిందికి దిగిందో బోర్డు మీద శ్రావణే చూపించింది.

నెల తిరక్కుండా ప్రొఫెసర్ నుంచి ఉత్తరం, దాంతోపాటు అంచులు మూసే ప్లాస్టిక్ పొరల కట్ట వచ్చాయి. దాంతో లీలారాణి, అరుణశ్రీ, శ్రావణి కలిసి కొత్త సెల్లులు చేశారు. వాటిలో ఒకటి నలభై మూడు రోజులు నిలిచింది. కంపెనీ సోలార్ పలకల ముందు అది ఏ మూలకూ రాదని అరుణశ్రీయే పిల్లలకు చెబుతుంది. ఎందుకు రాదో కూడా చెబుతుంది.

శ్రావణి ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. ఆదివారం ఆరాధన ముగిసే వేళకు ఫోన్ చేసి రీడింగులు అడుగుతుంది. ఈమధ్య లీలారాణి లేత టేకాకు నలిపితే వచ్చే ఎరుపును పట్టించి చూస్తోంది. గోగంత బాగా లేదని, అయినా ఇంకో వారం చూస్తానని మొన్న చెప్పింది.