ఉత్త నీళ్ల గిన్నె

నాకు మందుల పరీక్షల గదిలో పని నేర్పిన సార్ పోయారని మొన్న ఆళ్లగడ్డ నుంచి కబురొచ్చింది. సంతాప సభకు నాలుగు మాటలు రాసిమ్మని మా ఆఫీసరు అడిగారు. "వినయంగా పనిచేసేవాడని రాయమ్మా, చాలు" అన్నారు. ఆ మాట నేను రాయను.

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. నంద్యాలలో ఈ ఉద్యోగంలో చేరిననాడు సూక్ష్మదర్శినిలో ఎలా చూడాలో కూడా తెలియదు. "రెండు కండ్లూ తెరిచే చూడు అమ్మీ. ఒగటి మూస్తే అలిసిపోతావ్" అన్నారు సార్.

దిగుడుబావుల నీళ్లు తాగేవాళ్లకు ఇక్కడ నారికురుపు లేస్తుంది. దానిమీద నీళ్లు పోస్తే కంటికి ఆనని పిల్లపురుగులు దిగుతాయి. వాటిని గాజు గిన్నెల్లో ఉంచి, కొత్త మందులు కలిపి చూడడం మా పని. ప్రతి మందు గిన్నె పక్కనా సార్ ఒక ఉత్త నీళ్ల గిన్నె పెట్టేవారు. "ఇందులోవి బతికుంటేనే గదా, ఆడ చంపింది మందని తెలిసేది" అనేవారు.

నిరుడు ఒక మందు వచ్చింది. సాయంత్రానికి ఆ గిన్నెలో పురుగులన్నీ చచ్చాయి. ఉత్త నీళ్ల గిన్నెలోనూ చచ్చాయి. సార్ నీళ్ల తొట్టి మూత తీసి వాసన చూశారు.

"బ్లీచింగు పౌడరు ఏసినారు సామీ. నీళ్లే చంపినాయి. బావినీళ్లు తెచ్చి మళ్లా చేస్తా" అన్నారు ఆఫీసరుతో.

"రేపు కర్నూలు నుంచి పెద్దవాళ్లొస్తున్నారు. ఆ ఉత్త నీళ్ల గిన్నె పారబొయ్" అన్నారు ఆఫీసరు.

సార్ కదల్లేదు. ఆఫీసరు నావైపు చూశారు. పారబోసింది నేను. ఆఫీసరు మీద ఎంత కోపమో, నా చేతుల మీదా ఈనాటికీ అంతే కోపం.

సార్ నన్ను తిట్టలేదు. "పారబోసినావ్, సరే. చూసింది మాత్రం చూళ్లేదనుకోవద్దు" అన్నారంతే. మందు పనిచేసిందన్న కాగితం మీద సంతకం పెట్టమంటే, "నేను సంతకం పెడితే పురుగు చస్తాదా సామీ?" అని అడిగారు. వారం తిరక్కుండా ఆయన్ని ఆళ్లగడ్డ ఆసుపత్రికి మార్చారు. ఆ మందునే మాత్రలు చేసి, పంచే పని ఆయనకే ఇచ్చారు. తీసుకున్న ప్రతివాళ్లకూ ఆయన చెప్పేవారట: "దీంతో పోదప్పా. నీళ్లు గుడ్డలో వడగట్టి తాగు." అందుకు సంజాయిషీ అడిగారు. ఇప్పుడు వినయమట.

నిన్న ఆళ్లగడ్డ పోయాను. ఆసుపత్రి అరుగు మీద దొర్నిపాడు పెద్దమ్మ ఒకామె కాలు చాపుకుని కూర్చుంది. ఆ మాత్రలన్నీ మింగినామె. చీలమండ దగ్గర కురుపులోంచి బయటికొచ్చిన నారిపురుగు ఒక పుల్లకు చుట్టి ఉంది. లాగితే తెగుతుంది, రోజుకొక చుట్టే వేయాలి. నేనెవరో చెప్పాను.

"మూడు చుట్లు మీ సార్ ఏసినాడు. ఇంగ ఎవురేస్తారు?" అంది.

ఆమె కాలి దగ్గర కూర్చుని, కురుపు తడిపి, నాలుగో చుట్టు వేశాను. తెల్లటి దారంలా ఉంది. లోపల ఇంకా ఎంత ఉందో తెలియదు.