అమావాస్యనాడు ఆగే మిల్లు

రాజమండ్రి కాలేజీలో ఫిజిక్సు చెప్పే రోజుల్లో నాకు అమావాస్యే మంచిరోజు. ల్యాబు గోడకు అవతల రైసుమిల్లు ఉండేది. అది తిరిగితే నా బల్ల అదిరేది. ఆదివారం కూడా తిరిగేది, ఒక్క అమావాస్యకే సెలవు.

యూనివర్సిటీ నుంచి అరువు తెచ్చుకున్న లేజరు ఒక్క క్షణం తళుక్కుమనేది. ఆ మెరుపు సిరా కలిపిన నీళ్ళ తొట్టిలో పడగానే అక్కడి నీరు వేడెక్కి ఉబ్బుతుంది, అందులోంచి ఒక శబ్దతరంగం బయలుదేరుతుంది. అది చెవికి అందదు. పక్కనుంచి సన్నని ఎర్రకాంతిని పంపితే, తరంగం దాటినప్పుడు ఆ కాంతి రవ్వంత వంగుతుంది. ఆ వంపును ఆసిలోస్కోపు తెరమీద గీతగా పట్టుకోవాలి. బల్ల అదిరితే ఆ గీత చెదిరిపోతుంది. స్టాఫ్‌రూములో ఈ మాట ఎత్తితే చాలు, అందరికీ టీ గుర్తొచ్చేది. అద్దెగదికి వెళ్తే మాట ఎత్తడానికి మనిషే లేడు. చాలా ఒంటరిగా ఉండేది, దాచుకోవడం ఎందుకు.

లేజరు తిరిగి పంపేయమని కబురొచ్చింది. ఇక ఒక్క అమావాస్యే మిగిలింది. అప్పటిదాకా శుభ్రమైన గీత ఒక్కటీ చిక్కలేదు. తీరా ఆ రోజు వెళ్తే మిల్లు తిరుగుతోంది. వానకు ధాన్యం తడిసిందట, ఆలస్యమైతే మొలకలొస్తాయట. ఒళ్ళు మండిపోయింది. అన్నేళ్ళూ గోడ ఇవతల తిట్టుకోవడమే తప్ప ఆ మిల్లు గడప తొక్కలేదు. ఆ రోజు తొక్కాను.

మిల్లు యజమాని పెద్దాయన. నా గోడంతా విని, "ఓ గంట ఆపితే సరిపోద్దాండీ?" అన్నారు. మిల్లు ఆపించి, నా వెంటే ల్యాబుకు వచ్చి నిలబడ్డారు. లేజరు మెరిసింది. తెరమీద చదునుగా సాగుతున్న గీత ఒక్కచోట నిటారుగా లేచి పడింది.

"చప్పుడేదండీ మాస్టారూ?"

"అదేనండి, ఆ లేచిందే."

ఆయన కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగారు. "మళ్ళీ ఓసారి కొట్టండి" అన్నారు.

నా పనిని మళ్ళీ చూపించమని అడిగిన మొదటి మనిషి ఆయనే. మళ్ళీ కొట్టాను.

లేజరును పెట్టెలో కట్టి పంపేశాను. తరువాతి అమావాస్యకు కాళ్ళు అలవాటుగా ల్యాబుకే వెళ్ళాయి. బల్ల ఖాళీగా ఉంది. మిల్లు ఆగింది. ఏళ్ళ తరబడి కోరుకున్న ఆ నిశ్శబ్దంలో కాసేపు కూడా కూర్చోలేకపోయాను. బయటికొచ్చి తాళం వేస్తుంటే ఆయన టీ ఫ్లాస్కుతో ఎదురొచ్చారు.

"లేజరు వెళ్ళిపోయిందండి" అన్నాను.

"తెలుసండి, రిక్షా ఎక్కిస్తుంటే చూశాను. మీరున్నారు గదండీ."

తాళం మళ్ళీ తీశాను.