‘నైస్’ అంటే ఒప్పుకోని సార్

మా ఇంగ్లీష్ సార్ పోయారన్న కబురు నాయన ఫోన్‌లో చెప్పాడు. చెప్పాడంటే, ముందు నాగర్‌కర్నూల్‌లో ఎండలెట్లున్నాయని అడిగాడు. తిన్నావా అన్నాడు. పిల్లల సంగతి, నేను పాఠం చెప్పే కాలేజీ సెలవుల సంగతి కనుక్కున్నాడు. గద్వాల ఎస్టీడీ బూత్‌లో మీటరు తిరుగుతూనే ఉంది. ఇక పెట్టేస్తాడనుకున్నప్పుడు గొంతు సవరించుకుని, “మీ సారు పొద్దుగాల పోయిండు బిడ్డా” అన్నాడు. చావు కబురైనా సరే, ఎదుటివాళ్లకు తగలకుండా చెప్పాలని చూసే మనిషి మా నాయన.

సంతాప సభకు నేను గద్వాల చేరేసరికి బడి గేటుకు గుడ్డ బ్యానర్ కట్టి ఉంది. సార్ పేరు కింద “సౌమ్యులు, మృదుభాషి, అజాతశత్రువు” అని రాయించారు. చదివితే నాకు ఒళ్లు మండింది. సార్ మృదుభాషి అయితే పచ్చి మిరపకాయ మిఠాయే. ఆయన నోట చీవాట్లు తినని పెద్దమనిషి ఊళ్లో లేడు. ఆయన్ని ఎక్కడికైనా బదిలీ చేయించాలని ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్లే ఇప్పుడు ఇస్త్రీ చొక్కాలతో కుర్చీలు సర్దుతున్నారు. మొదట మైకు పట్టుకున్నాయన “వెరీ నైస్ మ్యాన్” అన్నాడు. రెండో ఆయనా అదే అన్నాడు. మూడో ఆయనకు ఇంకో మాట తట్టదని కుర్చీలో కూర్చున్న నాకు ముందే తెలుసు.

ఆ మాట వింటే సార్ పాడె మీది నుంచి లేచి కూర్చునేవారు.

ఎనభైల మొదట్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, మా బడి గురించి ఇంగ్లీష్‌లో వ్యాసం రాయమన్నారు. నేను మా బడి నైస్ అన్నాను, హెడ్‌మాస్టర్ నైస్ అన్నాను, మధ్యాహ్నం బెల్లు కూడా నైసే అని రాశాను. సార్ నన్ను నిలబెట్టి, “ఏ నైసు?” అని అడిగారు. నాకేం అర్థం కాలేదు. గంట కొట్టేదాకా నేను నిలబడే ఉన్నాను, ఆయన ఆ ఒక్క మాట పుట్టుపూర్వోత్తరాలన్నీ చెబుతూనే ఉన్నారు.

లాటిన్‌లో దాని మూలానికి ‘ఏమీ తెలియనివాడు’ అని అర్థమట. ఇంగ్లీష్‌లోకి వచ్చిన కొత్తలో ఎవరినైనా నైస్ అంటే మూర్ఖుడా అని తిట్టినట్టేనట. తర్వాత కొన్నాళ్లు సిగ్గుతో ముడుచుకునేవాడికి, కొన్నాళ్లు ప్రతిదానికీ వంక పెట్టే సుకుమారికి ఆ పేరు పెట్టారు. ఆ వంకలు పెట్టే గుణంలోంచే సన్నటి తేడా కనిపెట్టడం అన్న అర్థం వచ్చింది. తిట్టుగా బయల్దేరిన మాట అట్లా మెల్లగా మెప్పు అయింది, ఆ తర్వాత నచ్చిన ప్రతిదానికీ అంటుకుంది. “అందరిండ్లల్ల తిని తిని ఆఖరికి ఏ ఇంటిదీ కాకుంట పోయింది” అన్నారు సార్.

మన దగ్గరికొచ్చాక ఆ మాట కాస్త బాగుపడిందని ఆయన అభిప్రాయం. గిర్నీలో జొన్నపిండి నైసుగా పట్టాలా, బరకగా పట్టాలా అంటారు. పట్టు నైసుగా ఉందంటారు. పని చెప్పగానే మాయమైనవాడు నైసుగా జారుకున్నాడంటారు. ఈ మూడింటినీ సార్ ఒప్పుకునేవారు. పిండి సంగతి వేలికి తెలుస్తుంది, జారుకున్నవాడి సంగతి కంటికి తెలుస్తుంది. మనిషిని నైస్ అంటే మాత్రం అగ్గి మీద గుగ్గిలమయ్యేవారు. “అది అబద్ధం కాదు, నిజమూ కాదు. నిజం చెప్పుడు ఇష్టం లేనోడు బయటపడేటందుకు పెట్టుకున్న దొడ్డి దర్వాజ” అనేవారు.

ఆయనతో వేగడం కష్టమే, అది దాచను. పెళ్లి పత్రిక ఇస్తే అక్కడే పెన్సిలు తీసి ఇంగ్లీష్ తప్పులు దిద్ది తిరిగి చేతిలో పెట్టేవారు. పెళ్లి భోజనం ఎట్లుందని అడిగిన పాపానికి, వడ్డించేవాళ్ల ముందే పప్పు అడుగంటిందని పిల్ల తండ్రితో చెప్పారు. మేము సరిగ్గా రాస్తే ‘ఊఁ’ అనేవారు, అంతకంటే మెచ్చుకోలు లేదు. తప్పు రాస్తే తరగతి తరగతంతా వినాల్సిందే. ఆయన పీరియడ్‌లో ఏడవని ఆడపిల్ల లేదు, నాతో సహా.

అయినా నేను ఇంగ్లీష్ చదువుకున్నానంటే ఆయన నోటి దురుసు పుణ్యమే.

మాది నేత ఇల్లు. గద్వాల చీర సంగతి తెలిసినవాళ్లకు తెలుసు, ఒడలు, అంటే చీర నడిమి భాగం, నూలు, అంచు పట్టు. ఈ రెంటినీ వేరువేరుగా నేసి కుట్టరు. మగ్గం మీదే ప్రతి పోగు దగ్గర నూలు దారాన్ని అంచు దారంతో మెలేసి కలుపుతారు. అందుకని మగ్గానికి ఇద్దరు కావాలి. నాయన ఒక పక్క, నేను ఒక పక్క. అమ్మ లేదు. పది పాసయ్యాక వనపర్తిలో కాలేజీకి, హాస్టల్‌కు సీటొచ్చింది. నేను పోతే నాయన పక్క సీటు ఖాళీ, మగ్గం బంద్.

పెద్దమనుషులు వరసగా వచ్చారు. హెడ్‌మాస్టర్ వచ్చి పిల్ల బంగారమన్నాడు. కులపెద్ద వచ్చి సరస్వతి మీ ఇంట్లోనే ఉందన్నాడు. అందరూ చాయ్ తాగారు, అందరూ మంచిగా మాట్లాడారు, అందరూ నైసుగా వెళ్లిపోయారు. మగ్గానికి రెండో మనిషి ఎవరని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది కదా. నాయన అందరికీ ఒకటే జవాబు, చూద్దాం సార్ అని. సీటు గడువు దగ్గర పడుతోంది. నేను వంటింట్లో గోడకానుకుని ఏడ్చేదాన్ని.

ఒక ఆదివారం సార్ వచ్చారు. చాయ్ వద్దన్నారు. మగ్గం వంక చూసి, ఈ పిల్ల చేసే పనేంది, నేను చేయలేనా అని నా చోట్లో కూర్చున్నారు. ఆయనది బిజినేపల్లి దిక్కు వ్యవసాయం ఇల్లు, మగ్గం ముట్టింది లేదు. నాయన నూలు కండె పెట్టిన నాడె విసిరాడు, సార్ తిప్పి పంపారు. అట్లా బెత్తెడు మేర నేశారు. నేను మంచినీళ్లు తెచ్చేసరికి సార్ అంచు కిందికి వేలు పెట్టి చూస్తున్నారు. వేలు అవతలికి వచ్చేసింది. ఆయన దారాలు విసిరారే కానీ ఒక్కసారీ మెలేయలేదు. ఒడలొక దిక్కు, అంచొక దిక్కు.

“నువ్వు చూడలేదా?” అని అడిగారు నాయనను.

“మొదటి పోగుకే చూసిన సార్.”

“మరి చెప్పలేదేంది?”

“సారు కదా. ఎట్ల చెప్పాలె?”

సార్ లేచి నిలబడ్డారు. అంత కోపం నేను తరగతిలో కూడా చూడలేదు. “నీ చెయ్యి కింద చీర చీలుతుంటె చూసుకుంట కూసున్నవ్. బిడ్డ సదువు గూడ గిట్లనే చీలుతున్నది, గిట్లనే కూసున్నవ్. నీది మంచితనం కాదు, పిరికితనం” అన్నారు. రెండిళ్ల అవతల నీ చెల్లె ఉన్నది కదా, మగ్గం వచ్చు కదా, ఎన్నడన్నా అడిగినవా అన్నారు. నాయన తల వంచుకునే జవాబు చెప్పాడు. అడిగితే కాదంటుందేమో, కాదంటే మళ్లీ మొహాలెట్లా చూసుకోవాలి, అవునన్నా ఆమె అత్తగారింట్లో ఏమనుకుంటారో అని.

సార్ చెప్పులేసుకుని వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు, బుజ్జగించలేదు. నాయన ఆ బెత్తెడు నేతా ఒక్కొక్క పోగే విప్పాడు. విప్పడం అయ్యాక కండువా భుజాన వేసుకుని అత్త ఇంటికి నడిచాడు. అత్త ఒక్క మాటే అందట. “అడుగుతవేమోనని ఎండాకాలం నుంచి చూస్తున్న అన్నా.” తెల్లారి నుంచి ఆమె నా చోట్లో కూర్చుంది. నేను పెట్టె సర్దుకుని వనపర్తి బస్సెక్కాను.

ఇదంతా సభలో చెప్పాలనే పోయాను. నిర్వాహకుడు నన్ను పిలుస్తూ, సార్ గురించి నైస్‌గా రెండు ముక్కలు చెప్పమన్నాడు. సార్ సౌమ్యులు కారని, మృదుభాషి అసలే కారని, ఇక్కడ చాలామందికి ఆయనంటే గిట్టేది కాదని మొదలుపెట్టాను. ముందు వరసలో గుసగుసలు లేచాయి. అధ్యక్షుడు, అప్పుడు మా ఇంటికొచ్చిన కులపెద్దే, ఇప్పుడు జుట్టు నెరిసింది, మైకు మీద చెయ్యి పెట్టి “ఇయ్యాల అసుంటి మాటలు బాగుండవు బిడ్డా” అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడో! నేను మైకు ముందు నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆ మెత్తదనానికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

వెనక వరసలో ఎవరో లేచారు. చూస్తే నాయన.

జీవితంలో సభలో నోరు విప్పని మనిషి. ఇంకో మైకు తీసుకుని ఒక కుర్రాడు ఆయన దగ్గరికి నడుస్తుంటే వద్దని చెయ్యి ఊపాడు. “నా బిడ్డ చెప్పింది నిజం” అన్నాడు. “ఆ సారు మా ఇంట్ల నిలబడి నన్ను తిట్టిండు. పిరికోడ అన్నడు. మీరందరు గూడ వచ్చిన్రు. మంచిగ మాట్లాడిన్రు, పోయిన్రు.”

అధ్యక్షుడు మైకు మీది చెయ్యి తీశాడు. మాట అయిపోయినా ఎట్లా కూర్చోవాలో నాయనకు తెలియలేదు. ముందున్న ఇనుప కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని, అందరి మొహాలూ చూస్తూ అట్లాగే నిలబడి ఉన్నాడు.