సైరన్ రేకు మీది అక్షరాలకు నేను చెప్పిన అర్థం

మా చిన్నప్పుడు... అంటే మరీ పాతకాలమేం కాదు, తెలంగాణ వచ్చిన కొత్తల్లో... ఒకరోజు పొద్దున్నే పంచాయతీ ఆఫీసు అరుగు మీద పెద్ద సైరన్ దిగింది. ఊరంతా దాని చుట్టూ మూగింది.

మాది కృష్ణా ఒడ్డునున్న ఊరు. పైన డ్యాం గేట్లు ఎత్తితే మాకు కబురు అందేలోపే నీళ్ళు వచ్చేసేవి. ఏట్లో ఉన్నవాళ్ళను ఒడ్డుకు పిలవడానికే ఆ సైరన్.

అందరికన్నా దాంతో పని మా అవ్వకే. మా బాపు తల్లి... గొర్లు మేపేది. ఏటి నడుమ ఒక గడ్డి దిబ్బ ఉండేది. చిన్న పాయ దాటి మందను అక్కడికి తోలుకుపోయేది.

సైరన్ నడుముకు ఒక రేకు బిగించి ఉంది. దాని మీద ఇంగ్లీషులో ఎల్, ఆర్ అని రెండక్షరాలు, పక్కన ముప్పై అంకె...

"ఏందే పిల్లా, గదేందో రాసున్నది... జర సదువు" అంది అవ్వ.

నేనప్పుడు ఆరో తరగతి. ఆ ఏడాదే టై కట్టుకుని బస్సెక్కి ఇంగ్లీషు మీడియానికి పోతున్నాను. ఊరంతా నా మొహమే చూస్తోంది. తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"ఎల్ అంటే లీవ్... ఆర్ అంటే రివర్... ముప్పై నిమిషాల్లో ఏరు విడిచి రావాలని!" అనేశాను, గుక్క తిప్పుకోకుండా.

అబ్బో... ఎంత తెలివో నాకు! ఒక్కరికీ అనుమానం రాలేదు.

అవ్వకు గడియారం చూడటం రాదు. "ముప్పై నిమిషాలంటే ఎంతసేపే?" అని అడిగింది.

"ఒక సీరియలంత సేపు అవ్వా... అడ్వర్టైజుమెంట్లతో కలిపి."

"గంత టైముంటదా! ఇగ ఫికర్ లేదు పో" అని నా నెత్తి నిమిరింది. ఆ వారమంతా కనిపించిన వాళ్ళందరికీ అదే మాట... "సైరన్ మొత్తుకున్నంక ఒక సీరియలంత టైముంటదంట. మా పిల్ల సదివి చెప్పింది."

ఆ ఏడు గేట్లు ఎత్తేంత వరదే రాలేదు. మరుసటి ఏడు వానలకు ముందు సైరన్ బాగుచేయడానికి ఒక మెకానిక్ వచ్చాడు. ఎందుకో మనసు ఆగక, ఆ అక్షరాలకు అర్థమేంటని ఆయన్ని అడిగాను.

"అది మోడల్ పేరమ్మా. ఎల్ ఆర్ అంటే లాంగ్ రేంజ్... దూరం దాక ఇనొస్తదని. ముప్పై అంటే ముప్పై వందల మీటర్లు... మూడు కిలోమీటర్ల దాక. టైము గియిము ఏం లేదు. మోగంగనే ఉరుకుడే."

చెప్పేద్దామని ఇంటికి పరుగెత్తాను. వాకిట్లో అవ్వ పక్కింటి వాళ్ళతో నా చదువు గురించే చెబుతోంది. అందరూ నన్ను చూసి నవ్వారు... మురిపెంగానే. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రానే లేదు. వేరే కారణమేం లేదండీ... సిగ్గు. నామోషీ. అంతే.

ఆ వానాకాలమే ఒక మధ్యాహ్నం సైరన్ మోగింది. దిబ్బ మీద మా అవ్వ గొర్రె ఒకటి ఈనుతోంది. మిగతా గొల్లలు మందలు తోలుకుని బయలుదేరారు, దూరం నుంచే అవ్వను కూడా రమ్మని కేకేశారట. "ఇంక మస్తు టైమున్నది, దీన్ని ఈననీయాలె" అని తనలో తనే అనుకుందట... తరువాత నాకొక్కదానికే చెప్పింది.

సీరియల్లో సగం సేపు కూడా కాలేదు. నీళ్ళు వచ్చేశాయి.

చేపలు పట్టేవాళ్ళు పుట్టి వేసుకుపోయి అవ్వను తీసుకొచ్చారు. సగం మంద కొట్టుకుపోయింది. ఈనుతున్న ఆ గొర్రె కూడా...

"అంతగనం మొత్తుకుంటాంటే ఎందుకు కూసున్నవే అమ్మా!" అని బాపు గట్టిగా అరిచాడు. నేను తలుపు వెనక ఉన్నాను. అవ్వ నన్ను చూసింది.

"నాకు ఇనరాలే కొడుకా... చెవులు మందమైనయ్" అంది.

తరువాత నేను ఆమె ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఎందుకట్లా చెప్పావని అడిగాను. "ఊకో బిడ్డా... సదువుకునే పిల్లవు. ఊరోళ్ళు నీ మీద దుమ్మెత్తి పోస్తరు. ముసల్దాన్ని, నాకేమైతది?" అంది.

ఏమైందో చెబుతాను వినండి. వినబడని మనిషిని ఏటికెట్లా పంపుతామని బాపు మిగిలిన గొర్లను కొత్తకోట అంగడిలో అమ్మేశాడు. ఒక్క పూట ఇంటిపట్టున ఉండని మనిషి గడప దగ్గర కూర్చుండిపోయింది. ఇంట్లో అందరూ ఆమెతో అరిచి మాట్లాడేవాళ్ళు. ఆమెకేం వినబడుతుందిలే అని, ఆమె గురించి ఆమె ముందరే మాట్లాడుకునేవాళ్ళు. విసుగొచ్చిన రోజు బాపు కూడా పక్కనే నిలబడి "ఈ ముసల్దానితోని పానం పోతాంది" అనేవాడు. అవ్వ తల ఎత్తేది కాదు. బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ ఉండేది.

పోయేదాకా అట్లాగే బతికింది. అన్నేళ్ళలో ఏ ఒక్కరోజైనా నేను నోరు తెరిచి ఉంటే ఆ చెవుడు పోయేది... తెరవలేదు.

ఇప్పుడు గేట్లు ఎత్తకముందే ఫోన్లకు మెసేజ్ వస్తోంది. ఇంగ్లీషు ముక్కకు అర్థం కావాలంటే ఎవరూ పిల్లల్ని అడగడం లేదు, ఫోన్‌నే అడుగుతున్నారు. మంచిదే... మా ఊళ్ళో ఇంకో పిల్లకు నా గతి పట్టదు.

మీరూ చిన్నప్పుడు దాచి ఇప్పటికీ మోస్తున్న మాట ఏదైనా ఉంటే కింద రాయండి... చదువుతాను. కానీ ఇది మాత్రం మీ కోసం రాసింది కాదు. మా బాపు ఈమధ్య నా పోస్టులన్నీ చదువుతున్నాడు. ఎదురుగా చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు నాకు.

బాపూ... అవ్వకు చివరిదాకా అన్నీ వినబడ్డాయి. ఆ రోజు సైరన్ కూడా.