వదిన నడిపిన రెండు మగ్గాలు

పోయిన నెల నల్లగొండలో ఒక ఆడపిల్లల కాలేజీవాళ్లు నన్ను పిలిచి, శాలువా కప్పి, నాలుగు కవితలు చదివించుకున్నారు. తెలంగాణ వచ్చాక మా యాసలో రాసిన కవితలకు ఇట్లాంటి మర్యాదలు కాస్త పెరిగాయి. మా ఇంట్లో శాలువాలకు బీరువా చాలడం లేదు. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడమ్, మీకు స్వేచ్ఛ ఎట్ల దొరికింది? కొట్లాడి తెచ్చుకున్నరా, ఎవరన్న ఇచ్చిండ్రా?" అని అడిగింది. ఏవో పెద్ద పెద్ద మాటలు చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. తిరుగు బస్సులో కూర్చున్నాక ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదనిపించి, కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

మాది పోచంపల్లి పక్కన చిన్న ఊరు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా అమ్మ పోయింది. ఆ ఏడే బాపుకు చూపు మందగించింది. పోగు పోగుకూ రంగు కలవాల్సిన చీరను మసక కళ్లతో నేయలేరు కదా. ఆయన మగ్గం మీంచి లేస్తే, బడి మానేసి నేను కూర్చున్నాను. కూర్చోవడమంటే నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి కూర్చోవడం. వానాకాలం ఆ చెమ్మకు అరికాళ్లు నాని తెల్లబడేవి. పొద్దున జొన్న గట్క, పచ్చిపులుసు. మధ్యాహ్నమూ అదే, కాకపోతే చల్లారినది. అన్న చీరలు మూటగట్టుకుని పట్నం బస్సెక్కేవాడు. లోపలి అర్రలో పక్కపక్కన రెండు మగ్గాలు, ఒకటి వదినది, ఒకటి నాది. బాపు బయట అరుగు మీద కూర్చుని చెవులతో కాపలా కాసేవాడు. చప్పుడు కాస్త తగ్గితే చాలు, "ఏందే, ఆగింది?" అని కేకేసేవాడు.

వదినకు అక్షరం ముక్క రాదు. ఒకరోజు నేను పాత పాఠ్యపుస్తకం ఒళ్లో పెట్టుకుని ఏడుస్తుంటే కాసేపు చూసింది. తర్వాత, "జర్ర సేపు చదువుకో పిల్లా. చప్పుడు సంగతి నేను జూస్కుంట" అంది. ఎట్లా అని అడిగేలోపే తన మగ్గం మీద ఒక పోగు వేసి కొట్టి, ఎడమ చెయ్యి చాపి నా మగ్గం చెక్కను కూడా లాగి కొట్టింది. మళ్లీ తనది, మళ్లీ నాది. అరుగు మీద నుంచి ఏ కేకా రాలేదు. ఇద్దరం కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం.

రోజూ మధ్యాహ్నం గంటసేపు, దాదాపు ఏడాది అట్లాగే సాగింది. పదో తరగతి ప్రైవేటుగా రాస్తానని వదినకు చెప్పాను. అది నిజమే. కానీ ఆ గంటలో సగం లెక్కలకు పోలేదు. చీరల డిజైన్లు గీసే గళ్ల కాగితాల వెనక కవితలు రాసుకున్నాను. ఆ రోజుల్లో నాకు స్వేచ్ఛ అంటే ఆ గంటే. దానికోసం ఎవరి చెయ్యి నొస్తోందో ఒక్కసారీ తలెత్తి చూడలేదు.

ఒక మధ్యాహ్నం చూసేసరికి గుమ్మంలో బాపు, గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. వదిన చెయ్యి గాలిలోనే ఆగింది. నేను కాగితాలు కాళ్ల కింది గుంటలోకి తోశాను. ఆయనకు అవి కనపడవన్న సంగతే నాకు తట్టలేదు.

"నాదే తప్పు మామా. పిల్లనేమనకుండ్రి" అంది వదిన.

"నాకు మొదటి వారమే ఎరుక," అన్నాడు బాపు. "నలభై ఏండ్లు నేసినోన్ని. పోగు మీద పడ్డ దెబ్బేదో, ఉత్త దెబ్బేదో తెల్వదా? సదువుకుంటాంది గదా అని ఊకున్న. కని నిన్నటి సంది నీ దెబ్బల బలం లేదు. చేతికేమైంది బిడ్డా?"

వదిన కొంగు భుజం మీదికి లాక్కుంది. అప్పుడు చూశాను. ఆమె ఎడమ భుజం వాచి, జాకెట్టు చెయ్యి బిగుసుకుపోయి ఉంది. బాపు నా వైపు తిరిగాడు. కొడతాడనుకున్నాను.

"సదువు, ఎవ్వలు వద్దన్నరు? కని నీ ఆజాదీ కోసం గా పిల్ల రెక్క ఇరగ్గొట్టకు" అన్నాడు.

మర్నాటి నుంచి ఆ గంట నా మగ్గం నిజంగానే ఆగింది. కండెలకు నూలు చుట్టే పని వదిన చేతిలోంచి బాపు తీసుకున్నాడు. దానికి కళ్లక్కర్లేదు, వేళ్లు చాలు. రాట్నం ముందు మగవాడు కూర్చున్నాడని వాడకట్టంతా నవ్వింది. "నవ్వనియ్యిరి, వాళ్ల పండ్లు వాళ్లయే గద" అనేవాడు. ఆ గంట వదిన నడుం వాల్చేది. నేను లెక్కల్లో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కాను. టీచరు ఉద్యోగం వచ్చేదాకా బాపు ఉన్నాడు. నా మొదటి పుస్తకం వచ్చేసరికి లేడు.

కాలేజీకి వెళ్లొచ్చిన వారానికి వదిన దగ్గరికి పోయాను. డెబ్బై దాటింది. ఆ అర్ర కిరాయికిచ్చారు. ఎడమ చెయ్యి ఇప్పటికీ తల దాకా లేవదు, కొప్పు కోడలే చుడుతుంది. ఆమె మీద రాసిన కవిత మొదటిసారి ఆమెకే చదివి వినిపించాను. శ్రద్ధగా విని, "అన్ని దినాలు సదివి గింత చిన్నగ రాసినవేంది?" అంది. నవ్వి, ఇన్నేళ్లుగా దాచింది చెప్పేశాను.

"వదినా, గా యాడాది సగం దినాలు నేను లెక్కలు చెయ్యలే. కవితలు రాసుకున్న."

"నాకేం తెల్సు? ఎర్కున్నా గట్లనే కొడ్తుంటి," అంది. చాయ్ గ్లాసు నా వైపు జరిపి, "కని ఒక్కనాడన్న 'దా వదినా, నువ్వు గూడ నేర్సుకో' అంటవేమో అనుకున్న" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. చాయ్ చల్లారుతుంది తాగమన్నట్టే అంది. నలభై ఏళ్లకు పైగా ఎన్ని మధ్యాహ్నాలు గడిచాయో. ఊళ్లోని ఎంతమంది పిల్లల చేత అక్షరాలు దిద్దించానో. ఇప్పుడు నాకు బోలెడంత తీరిక ఉంది. ఆమెకు చూపు ఆనడం లేదు.