ప్రెసిడెంటు గారి హాస్టల్లో మా బావ

మొన్న పాతపట్నం బస్టాండు పక్కన టీ కొట్టులో టీవీ నడుస్తోంది. అమెరికా ప్రెసిడెంటుగా చేసి ఎప్పుడో దిగిపోయిన ఒక పెద్దమనిషి ఎవరి అంత్యక్రియలకో వచ్చి, మెట్లెక్కలేక పక్కవాడి చెయ్యి పట్టుకున్నాడు. కొట్టాయన గ్లాసు నా చేతికిస్తూ, "మీ బావ గారి నేస్తం ముసిలోడైపోనాడు, సూసేరా" అన్నాడు. చూశాను. ఆ పెద్దమనిషి పేరు ఇక్కడ చెప్పను. చెబితే మీరూ ఆయన గురించే అడుగుతారు. ఇన్నేళ్లూ మా ఇంట్లో జరిగింది అదే, నాకు విసుగెత్తిపోయింది.

బావంటే మా అక్క మొగుడు, బోటనీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాడు. పెళ్లికి ముందు క్రైస్తవ మిషన్ వాళ్ల స్కాలర్‌షిప్పు మీద అమెరికాలో ఒక యూనివర్సిటీలో రెండేళ్లు ఉండి, చోళ్ల మీద, అంటే రాగుల మీద, చదువుకుని వచ్చాడు. మన కొండవారల పండే చోళ్ల కోసం అంత దూరం వెళ్లాలా అని మా నాన్న పెళ్లిచూపుల నాడే అడిగాడట. బావ ఏం జవాబు చెప్పాడో ఎవరికీ గుర్తులేదు గానీ, కోడికూర రెండోసారి వేయించుకున్నాడని మాత్రం మా అమ్మ చెప్పేది. పెళ్లైన కొత్తలో వరండాలో మడతమంచం మీద కూర్చుని ఆ రోజుల గురించి నాకు చెప్పబోయేవాడు. గదిలో తనతో ఉన్న కుర్రాడు, చలికి వాచిపోయిన చేతులు, అద్దాల గదిలో పెంచిన చోడి మొక్కలు. నాది రేడియోలో క్రికెట్ వినే వయసు. సగం విని ఊఁ కొట్టేవాణ్ణి.

చాలా ఏళ్ల తర్వాత ఒకరోజు బావ పేపర్లో అమెరికా కొత్త ప్రెసిడెంటు ఫొటో చూసి, అన్నం తింటూ, "ఈ కుర్రోడు మా హాస్టల్లోనే ఉండీవోడు" అన్నాడు. అనకుండా ఉంటే బాగుండేది. ఆ సాయంత్రం అక్క చర్చిలో పాటల ప్రాక్టీసుకి వెళ్లింది, ఆదివారం ఆరాధన ముగిసేసరికి ఊరంతటికీ తెలిసిపోయింది. నిజానికి బావకి ఆయనతో ఉన్న పరిచయం ఇంతే: హాస్టల్లో బట్టలుతికే మిషను దగ్గర ఒకసారి ఆయన ఎదురై, ఖాళీయేనా అని అడిగాడు. ఖాళీయే అని బావ చెప్పాడు. అమెరికా చరిత్రలో మా కుటుంబం వాటా అది.

ఆ వాటా మా ఊరికి చాలలేదు. పాస్టరు గారు ప్రసంగంలో ఇద్దరూ కలిసి బట్టలుతుక్కున్నారన్నారు. హైస్కూలు వార్షికోత్సవంలో హెడ్మాస్టరు శాలువా కప్పుతూ, ఆయనకి జ్వరమొస్తే మా బావే చోడి అంబలి కాచి తాగించాడన్నారు. ఆ అంబలి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకిప్పటికీ తెలీదు. నౌపడ ఉప్పుమడుల్లో పనిచేసే ఒకాయన అరటిగెల మోసుకొచ్చి, "సారూ, కలిసి సదివినోరు కదా, ఎక్స్‌ప్రెస్సు మా వూళ్లో ఆగీలాగ ఆయనకో మాట సెప్పండి" అని కూర్చున్నాడు. రైళ్లు ఢిల్లీ చేతిలో ఉంటాయని బావ చెబితే, "ఆయన సెప్తే ఢిల్లీ ఇనదేటి?" అన్నాడు. మా వైపు కలిసి చదువుకున్నవాడికి ఏ పనైనా చెప్పొచ్చు, అది వాడి మీద మనకున్న హక్కు.

మొదట్లో బావ ఓపిగ్గా దిద్దేవాడు. "కాదండీ, మిషను ఖాళీయేనా అని అడిగేడు, అంతే" అనేవాడు. ఎంత వినయమో అనుకుని వాళ్లు ఇంకో దండ వేసేవారు. మనిషి అలిసిపోయాడు. కొన్నాళ్లు ఊరుకున్నాడు, తర్వాత తలూపాడు, రిటైరయ్యేనాటికి మైకు ముందు అంబలి సంగతి తనే చెప్పడం మొదలెట్టాడు. చోళ్ల మీద మాట్లాడమని ఒక్క సభకీ పిలవలేదు. ఊరవతల మెట్టలో చోళ్ల పరిశోధనకి ఒక తోట పెట్టించాలని బావకి చాలా ఆశ. అందుకోసం తిరిగిన ఆఫీసుల్లోనూ టీ ఇచ్చి, ప్రెసిడెంటు గారి కబుర్లు చెప్పించుకుని పంపేశారు. తోట రాలేదు.

టీ కొట్టు నుంచి తిన్నగా వాళ్లింటికే వెళ్లాను. బావ కుర్చీలో ఉన్నాడు, అక్క చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. "బావా, ఆయన ఊసొద్దు. నీ సంగతి సెప్పు. అక్కడ నీ గదిలో ఎవులుండీవోరు?" అని అడిగాను.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఆయనకి జొరం వచ్చినప్పుడు" అని సభలో మాట్లాడే గొంతుతో మొదలెట్టి ఆగాడు. "అది కాదు కదూ?"

కాదన్నాను. అక్క చేతులు ఆగిపోయాయి.

"ఒక పిల్లడుండీవోడురా. మంచోడు. సెలవులకి ఆల్లింటికి తీసికెళ్లీవోడు. ఆల్లమ్మ..." మళ్లీ ఆగాడు. "పేరు గుర్తుకి రాట్నేదు. మొకం కూడా రాట్నేదు. ఎవులూ అడగనేదు కదా మరి."

నాకు ఏడుపొచ్చింది. "పోన్లే, రేపు గుర్తొస్తాది" అంది అక్క. రాదని ముగ్గురికీ తెలుసు.

ముసలితనంలో కాలం మన రోజుల్ని ఒక్కొక్కటే పట్టుకుపోతుందంటారు. బావవి ఆ రెండేళ్లూ కాలం వచ్చేదాకా మిగల్లేదు. బావ ముసలివాడు కాకముందే మేమంతా కలిసి వాటిని ఇంకొకరికి ఇచ్చేశాం.